ఆదివారం సుత్తి చప్పుడు

కోర్టు బంట్రోతు గొంతు ఖంగుమంటుంది. వరండాలో నిలబడి పేరు పిలిచాడంటే, వీధి చివర టీ తాగుతున్న సాక్షి కూడా గ్లాసు వదిలేసి పరుగెత్తుకు రావాల్సిందే. సాక్షుల చేత ప్రమాణం చేయించేదీ అతనే. అంతటి గొంతూ ఇల్లు చేరేసరికి పిల్లికూత అయిపోతుంది. అక్కడ తీర్పులు చెప్పేది వాళ్ళమ్మ. బైబిల్లోని పది ఆజ్ఞలూ ఆవిడకు కంఠతా వచ్చు.

ఎదురింటి వడ్రంగి వారమంతా ఎవరి షాపులోనో పనిచేసి, ఆదివారం సొంత బేరాలు చూసుకునేవాడు. ఈవిడ ప్రార్థనకు కళ్ళు మూసుకునే వేళకే అవతల సుత్తి మొదలయ్యేది.

"విశ్రాంతి దినాన వాడికి పనేంట్రా? దీనికి చట్టం లేదూ?" అని ఒక ఆదివారం కొడుకును నిలదీసింది.

"చట్టానికి అన్ని రోజులూ ఒకటేనమ్మా."

"మరి దేవుడు చెప్పిందో?"

"ఆ సెక్షను మా కోర్టులో లేదు."

ఆవిడ నీళ్ళ బకెట్ పట్టుకుని వీధి దాటి, ఆరబెట్టిన కొత్త తలుపు మీదా, అడ్డొచ్చిన వడ్రంగి మీదా గుమ్మరించింది. తలుపు ఉబ్బిపోయింది. అంతకన్నా ఉబ్బిపోయి వడ్రంగి కేసు పెట్టాడు. కళ్ళారా చూసిన సాక్షి ఆవిడ కొడుకొక్కడే.

బంట్రోతుకు అన్నం సయించలేదు. అమ్మను గౌరవించమంటుంది ఒక ఆజ్ఞ. అబద్ధ సాక్ష్యం చెప్పొద్దంటుంది ఇంకొకటి. చట్టం మాత్రం రెండోదే పట్టుకుని కూర్చుంది. రోజూ పదిమంది చేత చేయించే ప్రమాణం దగ్గరే, బోనెక్కాక తనూ తడబడ్డాడు.

"మీ అమ్మగారు నీళ్ళు పోశారా?" అన్నారు జడ్జిగారు.

"పోసిందండీ... ఒక బకెట్."

"రెండు రా!" వెనక బెంచీ మీంచి అమ్మ అందుకుంది. "నువ్వు చొక్కా కోసం లోపలికెళ్ళావు, అప్పుడు రెండోది!"

ముందు నవ్వింది వడ్రంగే. జడ్జిగారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి రాజీ కుదిరింది: తలుపు ఆవిడ బాగుచేయించాలి, ఆదివారాలు మధ్యాహ్నం దాకా అతను సుత్తి ముట్టకూడదు.

ఇంటికి నడుస్తూ బంట్రోతు నసిగాడు. "కోపమొచ్చిందామ్మా?"

"అబద్ధమాడుంటే గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. అది సరే గానీ, పొరుగువాణ్ణి ప్రేమించమని మీ చట్టంలో ఉందా?"

"లేదమ్మా. తడపకపోతే చాలంటుంది."

"అయితే మీ చట్టమే సులువు రా," అంది ఆవిడ.