నెమలికంఠం రంగు చీర

ఆ రోజుల్లో నాకు జవాబు తెలియని ప్రశ్న ఉండేది కాదు. ఉంటే, తప్పు ప్రశ్నదే. ఇంజనీరింగ్ మూడో ఏడు, చేతిలో పది మెగాపిక్సెళ్ల కొత్త డిజిటల్ కెమెరా (నాన్న కొన్నది, నాన్నని ముట్టుకోనివ్వనిది). పటమటలో మా పక్క వీధిలో ఉండే బాబాయి (అమ్మ చెల్లెలి భర్త) మాత్రం ఫిల్మ్ కెమెరా వదిలేవాడు కాదు. "నీదాన్లో నెంబర్లుంటాయిరా, నాదాన్లో రంగులుంటాయి" అనేవాడు. నేను ఒకటి స్పష్టత, రెండు రంగు, మూడు ఖర్చు అని వేళ్లు మడుస్తుంటే, "నాలుగు, నోరు" అని ముగించేవాడు.

ఈ తగాదా చివరికి పిన్ని చీర మీద పడింది. ఆడపడుచు పెళ్లికని కొన్న పట్టుచీరకు జాకెట్టు గుడ్డ రాలేదు. చీరేమో ఆ సాయంత్రమే ఫాల్ కుట్టడానికి గుణదల వెళ్లిపోవాలి, పెళ్లినాటి పొద్దున గాని తిరిగి రాదు. ఆలోగా ఫొటో చూపించి మ్యాచింగ్ సెంటర్లో గుడ్డ తెచ్చుకోవాలి. "మ్యాచింగ్ తప్పిందంటే మా అత్తగారు నా మనవరాళ్ల పెళ్లిళ్ల దాకా చెప్పుకుంటుంది. చీర నెమలికంఠం రంగు, గుర్తుపెట్టుకోండి" అంది పిన్ని. "అది రంగు కాదు పిన్నీ, కవిత్వం" అన్నాను. నేను చీరను మంచం మీద పరిచి తీశాను. బాబాయి డాబా మీద తీగకు వేలాడదీసి తీశాడు. ప్రింట్లు వచ్చాయి. స్పష్టతలో నాకు తిరుగులేదు, కంప్యూటర్లో పెద్దది చేస్తే జరీ పోగులు లెక్కపెట్టొచ్చు (కొంగు మీద కాఫీ చుక్క కూడా బయటపడింది, "నీ మెగాపిక్సెళ్లు తగలెయ్య!" అని పిన్ని కంప్యూటరే ఆపేసింది). చిక్కల్లా రంగు దగ్గరే. నా ఫొటోలో చీర ఆకుపచ్చ, బాబాయి ఫొటోలో నీలం.

"నీ ఫిల్ము నీలానికి మొగ్గుతుంది బాబాయ్."

"నీ కెమెరాకి పచ్చకామెర్లురా!"

వాదనలో ఎప్పటిలాగే నేనే గెలిచాను. ఆకుపచ్చ జాకెట్టు తయారైంది. గన్నవరంలో పెళ్లి. పిన్ని చీర కట్టుకుని విడిది గదిలో నిలబడితే అచ్చం ఆకుపచ్చ. "చూశావా బాబాయ్!" అన్నాను. ఆవిడ ఎండలోకి వచ్చి ఇటు తిరిగిందో లేదో, చీర నీలం. "ఇప్పుడు నువ్వు చూడరా!" అన్నాడాయన. ఇక ముహూర్తం దాకా నేను "పిన్నీ, ఒకసారి లోపలికి రా", ఆయన "ఏమే, ఒకసారి బయటికి రా". చివరికి పిన్ని కొంగు పట్టుకుని మా ఇద్దరి మొహాల ముందు ఆడించింది. "పడుగు నీలం, పేక ఆకుపచ్చ. మొదటిరోజే చెప్పానా, నెమలికంఠమని? ఇద్దర్లో ఒక్కళ్లయినా నెమలి మెడ చూశారా?" అని, అత్తగారు వస్తుంటే చప్పున ఆకుపచ్చ పక్కకి తిరిగింది. ఆ రోజంతా ఆవిడకి ఆ పక్కే చూపిస్తూ తిరిగింది. అప్పగింతల వేళ అత్తగారు, "మ్యాచింగ్ భలే కుదిరిందే అమ్మాయ్" అనేదాకా ఊపిరి పీల్చుకోలేదు.

ఆ సంతోషంలో పిన్ని మమ్మల్ని చెరోపక్క నిలబెట్టి తీయించుకున్న ఫొటో ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉంది. నా పక్క చీర ఆకుపచ్చ, బాబాయి పక్క నీలం. గెలిచినవాడిలా ఛాతీ విరుచుకున్న ఆ బక్కపల్చటి కుర్రాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఆ ఫొటో ఎవరి కెమెరాతో తీశారో మాత్రం మా ఇద్దరికీ గుర్తులేదు. స్పష్టతలో డిజిటలే మేలని ఇవాళ కూడా రాసిస్తాను. రంగు సంగతి ఎవరైనా అడిగితే మాత్రం, "ఏ పక్కన నిలబడి చూస్తున్నారండీ?" అంటాను.