లెన్ పౌండర్ తెల్ల మేజోళ్లు

లెన్ పౌండర్ టీస్ నది ఒడ్డున ఓడల యార్డులో ఇరవయ్యేళ్లు వెల్డింగ్ చేసినవాడు. యార్డు మూతపడింది. తర్వాత మా హార్టిల్‌పూల్‌లో పాత యుద్ధనౌకను బాగుచేసి, దాని పక్కన సందర్శకుల కోసం నెపోలియన్ నాటి రేవు నమూనా కట్టినప్పుడు మళ్లీ పని దొరికింది. యార్డువాళ్ల క్లబ్బులో మాత్రం "ఓడ మరమ్మతు చేస్తున్నా" అని చెప్పుకున్నాడు. నిజానికి అతని పని ఆ కాలపు నావికుడిలా తెల్ల మేజోళ్లు తొడుక్కుని, పిలక తగిలించుకుని, చూడవచ్చినవాళ్లను రాజుగారి నౌకాదళంలోకి బలవంతంగా ఈడ్చుకెళ్తున్నట్టు నటించడం. రేవులో టీ కొట్టు నాది. తెలిసినవాళ్లెవరైనా గేటు దాటితే లెన్ నా కొట్టు వెనక నక్కేవాడు. అందులో సిగ్గుపడాల్సిందేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వేషంలో ఉన్నంతసేపు ఈ కాలపు మాట నోట రాకూడదని రూలు.

ఓ శనివారం సిరిల్ వచ్చాడు. యార్డులో లెన్‌తో కలిసి పనిచేసినవాడు. "మరమ్మతువాళ్లు ఎక్కడుంటారమ్మా? మా లెన్ కావాలి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే గుంపు మధ్యలో ఉన్న లెన్‌ను చూసేశాడు. నవ్వలేదు. టోపీ తీసి చేత పట్టుకుని దగ్గరికెళ్లాడు.

"లెన్, మన యార్డు విల్ఫ్ పోయాడ్రా. గురువారం అంత్యక్రియలు. శవపెట్టె మనవాళ్లే మోయాలి. నువ్వూ ఓ భుజం పట్టాలి."

లెన్ మొహం కందగడ్డయింది. సరేనంటే సరిపోయేది. పిలక ఎగరేసి అరిచాడు.

"చచ్చినవాడితో రాజుగారికేం పని, ముసలోడా? వాడి వంతు రమ్ము గ్లాసు నాకియ్యి, నువ్వు ఓడెక్కు."

జనం విరగబడి నవ్వారు. సిరిల్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం నా కొట్టులో లెన్ టీ ముట్టలేదు. "రూలు కదా డోరా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "రూలు నీ మొహం. వెళ్లి సిరిల్ కాళ్లు పట్టుకో."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఈ మేజోళ్లు చూసేశాడుగా."

"అతనొచ్చింది నీ మేజోళ్లు చూడ్డానికి కాదు."

అయినా లెన్ వెళ్లలేదు.

గురువారం మాత్రం నల్ల సూటేసుకుని అందరికంటే ముందు చర్చికొచ్చాడు. విల్ఫ్ నా కొట్టుకీ వచ్చేవాడు కాబట్టి నేనూ వెళ్లాను. శవాన్ని తెచ్చిన బండి తలుపు తీశారు. పెట్టె దగ్గర యార్డువాళ్లు ఐదుగురు, ఆరో చోట చేతికి తొడుగులేసుకున్న ఎవరో కొత్త మనిషి. లెన్ ముందుకెళ్లి చెయ్యి చాపాడు.

సిరిల్ కోపంగా కూడా అనలేదు. "నీకు డ్యూటీ ఉంటుందేమో అనుకున్నాం, లెన్. మనిషిని మాట్లాడేసుకున్నాం."

లెన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెట్టె లోపలికి వెళ్లేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.