టీవీనా, ప్రొజెక్టరా, తాతనా?

ఆ రోజుల్లో మా ఇంట్ల షాక్ కొట్టడానికి కరెంటు అవసరం లేకుండె. (ఆ రోజులు అంటే మరీ వెనకటివి కావు. అందరి చేతికీ ఫోన్లు వచ్చినయ్, నా చేతికి పని రాలేదు, అంతే.) కూరల ఉప్పు ఎక్కువైతే అమ్మకు షాక్, ఫోన్ ఎత్తకపోతే అక్కకు షాక్, బాపు డ్యూటీకెల్లి జర ముందుగాల వస్తే అందరికీ షాక్. ఇంటిల్లిపాదీ ఒకేసారి గుండె మీద చెయ్యి పెట్టుకుంటే, ఎవరో ఒకరు తాపీగ "ఇంతకు ఏమైంది?" అని అడగాలె గద. ఆ ఉద్యోగం నాది. డిగ్రీ అయిపోయినంక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే. జీతం లేదు గని తిట్లు టైముకు పడుతుండె.

మాది భూపాలపల్లి, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్స్. బాపు బాయిల పనిజేస్తుండె. మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ పెట్టిన్రంటే మా వంటింట్ల గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకునేవి. అసొంటి ఒక మధ్యాహ్నం మా పాత డబ్బా టీవీ స్టూలు మీదికెల్లి మెల్లగ ముందుకు వంగి, దండం పెట్టినట్టే పెట్టి కిందపడ్డది. అమ్మ వేసిన కేకకు పక్క క్వార్టరోళ్లు మనిషే పోయిండనుకొని ఉరికొచ్చిన్రు. "పోయింది, టీవీ పోయింది" అని అమ్మ ఏడుస్తుంటే, వెనక నిలబడ్డ ఒకామె సగమే విని, "అయ్యో, శవాన్ని ఎన్ని గంటలకు తీస్తరట?" అని అడిగింది.

ఇగ కొత్తది కొనాలె. అక్కడికెల్లి మా ఇల్లు రెండు పార్టీలైంది. అమ్మది పెద్ద టీవీ పార్టీ. "టీవీ అంటే డబ్బా ఉండాలె. దాని మీద కుట్టుపూల బట్ట కప్పుకోవాలె. ఇంటికొచ్చినోళ్లు 'అబ్బ, ఎంత పెద్దగున్నది' అనాలె" అని ఆమె మేనిఫెస్టో. రెండోది ప్రొజెక్టర్ పార్టీ. దానికి అధ్యక్షుడు మా బావ, అక్క పెనిమిటి. జనగామల పెండ్లి వీడియోలు తీస్తడు. ఫంక్షన్‌హాల్ల గోడల మీద పెండ్లికొడుకులను గోడంత చేసి చూపించి, లోకంల ఏ బొమ్మైనా గంతే ఉండాలని నమ్మిన మనిషి. "బామ్మర్ది, టీవీలు పాతబడ్డయ్. టాకీసునే ఇంట్లకు తెస్త" అని ఫోన్ల ఒట్టేసిండు. నేను సాంకేతిక సలహాదారుణ్ని, ఎందుకంటే వారం రోజులు గ్రూప్స్ చదువు బందుపెట్టి ఫోన్ల రివ్యూలు చూసిన. "అమ్మా, బొమ్మ వెలుగుకు ల్యూమెన్స్ చూసుకోవాలె" అన్న. "గదేమన్న ఇటమిన్ గోలీనా? నీకే తక్కువైనట్టున్నది" అన్నది అమ్మ. నా చదువు అక్కడితో ఆగింది.

అయితే అసలు చిక్కు టీవీతోనో ప్రొజెక్టర్‌తోనో కాదు, గోడతో. మా క్వార్టర్ల ముందర అర్రకు నాలుగు గోడలు ఉన్నట్టే గని, ఒకదానికి గుమ్మం, ఒకదానికి కిటికీ, ఒకదానికి వంటింటి దారి. నిండుగ ఉన్న గోడ ఒక్కటే. ఆ ఒక్క గోడ నడిమిట్ల మా తాత ఉన్నడు. ఫోటో అన్నట్టు. తాత కూడ బాయిల పనిజేసినోడే. ఆయన బతికినన్నాళ్లు దిగింది గేట్‌పాస్ ఫోటో ఒక్కటే. పోయినంక దాన్నే పెద్దగ చేయిస్తే, స్టూడియో ఆయన తన తరఫున నీలం కోటు, ఎర్ర టై తొడిగిండు. జీవితమంతా బనీను మీద గడిపిన తాత, పోయినంక ఆఫీసరైండు. ఆ ఫోటోకు ప్లాస్టిక్ పూలదండ, మీద ఎప్పుడూ ఆరని ఎర్ర బుడ్డి బల్బు.

అవ్వ, అంటే బాపును కన్నతల్లి, పొద్దున లేవంగనే ఆ గోడ దిక్కే చూసేది. టమాట ధర మండిపోతున్నదని, కోడలు చాయ్‌ల చక్కెర తక్కువేసిందని అన్నీ ఆయనకే చెప్పుకునేది. (కోడలు వినాలనే చెప్పేది, అది వేరే సంగతి.) టీవీ కొనే ముచ్చట ఆమె చెవున పడ్డనాడు ఒకటే మాటన్నది: "ఏమన్న తెచ్చుకోండ్రి. మీ తాతను మాత్రం కదిలియ్యొద్దు. గా జాగల ఆయన కనపడకపోతే నాకు ముద్ద దిగదు." అనుకున్నట్టే ఇంటిల్లిపాది గుండె మీద చెయ్యి పెట్టుకున్నది. గోడ ఒక్కటే, గోడకు గంత పెద్ద టీవీ పెడితే తాత ఎప్పటికీ దిగాలె, ప్రొజెక్టర్ పెడితే సినిమా చూసినప్పుడల్లా దిగాలె. ఏ పార్టీ గెలిచినా ఓడేది తాతనే.

ఆదివారం బావ, అక్క జనగామకెల్లి బస్సుల దిగిన్రు. బావ చేతుల్ల పసిపిల్లలెక్క ప్రొజెక్టర్ ఉన్నది, ట్రయల్ కోసం. బాపు పొద్దటి షిఫ్టు చేసొచ్చి లోపలి అర్రల పండుకున్నడు. అవ్వ పక్క క్వార్టర్ల ముచ్చట్లు పెడుతున్నది. ఇదే సందని బావ కుర్చీ ఎక్కి తాతను మేకు మీదికెల్లి దించి మంచం మీద పండవెట్టి, మర్యాదగ ఉండాలని దుప్పటి కప్పిండు. గోడ దిక్కు చూసి అందరం నోళ్లు తెరిచినం. ఇన్నేండ్లు తెల్లగోడ అనుకున్నది తెల్లది కాదు, బొగ్గు దుమ్ము పట్టి బూడిదరంగుకు తిరిగింది. తాత వెనక ఉన్న ముక్క మాత్రం సున్నం వేసిననాటి లెక్కనే తళతళమంటున్నది. కిటికీకి చెద్దరు కట్టి, నా గ్రూప్స్ పుస్తకాల మీద ప్రొజెక్టర్ నిలబెట్టి (ఆ పుస్తకాలు ఒకదాన్ని నిలబెట్టుడు అదే మొదలు) బొమ్మ వేస్తే, గోడంతా మసక, నడిమిట్ల తాతంత తెలుపు. "దించినా దిగలేదు బావా" అన్న.

గప్పుడే గుమ్మంల అవ్వ. వెంట పక్క క్వార్టర్ పెద్దమ్మ.

"మీ తాతేడిరా?"

అక్క ఎనక్కి జరిగి మంచం మీద కూసోబోయింది. "అక్కా, తాత!" అని అరిచిన. అక్క ఎగిరి లేచింది, పెద్దమ్మ గోడకు అతుక్కపోయింది, బావ కుర్చీ మీదికెల్లి జారిండు. అవ్వ దుప్పటి తీసింది. కోటు, టై వేసుకొని మంచం మీద ఎల్లెలుకల పండుకున్న తాతను చూసింది. తర్వాత బావను చూసింది.

"పోయినోన్ని మల్ల పండవెట్టి ముసుగేసినవా అల్లుడా?"

"ట్రయల్ కోసం అవ్వా..." అన్నడు బావ. కురవి వీరన్న మీద ఒట్టు, అంతకన్న అధ్వాన్నమైన జవాబు నేను కూడ చెప్పలేకపోయేటోన్ని.

తాత మళ్ల మేకెక్కిండు. "మీ సినిమా ఏసుకుంటె ఏసుకోండ్రి, ఆయన మాత్రం గీడనే ఉంటడు" అని అవ్వ ఎదురుంగ పీట వేసుకొని కాపలా కూసున్నది. బావ మొండోడు. తాత ఉండంగనే సీరియల్ పెట్టిండు. విలన్ మొఖం వచ్చి సరిగ్గ తాత మొఖం మీద పడ్డది. కోటు ముందే ఉన్నది, మీసం కొత్తగ మొలిచింది. ఆ మీసంతోటి తాత, సీరియల్ల ముసలామెను ఇంట్లకెల్లి బయటికి నూకిండు.

"గదేంది చెల్లె, మీ మామ గట్ల నూకుతున్నడు?" అని పెద్దమ్మ అమ్మ చెయ్యి పట్టుకున్నది.

"ఆయన గసొంటి మనిషి కాదు!" అని అవ్వ లేచి నిలబడ్డది. "బంద్ జెయ్యిరా! బంద్ జెయ్యి!"

చీకట్ల రిమోట్ దొరకలే. నేను మంచం కింద దేవులాడేలోపు సీన్ మారింది. కోడలు పిల్ల మొఖం, దగ్గరికెల్లి. కండ్లల్ల నీళ్లు. ఆమె పెదవులు ఇటు జరిగి, అటు జరిగి, తాత పెదవుల మీద వచ్చి ఆగినయ్. గేట్‌పాస్ ఫోటోల బిగబట్టిన ఆ నోరు, మేమందరం చూస్తుండంగనే, కదిలింది.

"ఏమండీ, నన్ను క్షమించండి. ఇన్నాళ్లూ మీ మనసు అర్థం చేసుకోలేకపోయాను."

గొంతు ఆడపిల్లది. నోరు తాతది. బతికినన్నాళ్లు "ఏందే" తప్ప ఇంకో పిలుపు రాని మనిషి, ఏమండీ అంటున్నడు. నా నాలుక చివర ఒక జోకు వచ్చి నిలబడ్డది. అవ్వను చూసి లోపలికి పంపిన. ఆమె గోడ దాక పోయింది. ఆమె నీడ సగం సీరియల్‌ను మింగింది. "అవ్వా, జర పక్కకు..." అనబోయిన బావ కాలు తొక్కిన.

"పెండ్లయిన కాడికెల్లి ఒక్కసారి అనలే" అన్నది అవ్వ, ఫోటోతోటే. "గిప్పుడన్నవు. సరే తియ్యి."

అమ్మ ఊకోలే. "అన్నది సీరియల్ల పిల్ల, అత్తమ్మా."

"ఎవరంటేంది? నోరు ఆయనదే గద."

ఈ లొల్లికి బాపు కండ్లు నలుసుకుంట లోపలికెల్లి వచ్చిండు. "ఏమైంది?" అన్నడు. (నా ఉద్యోగానికే ఎసరు.) అక్క చెప్పింది. బాపు గోడ దిక్కు చూసిండు. ఆయనకు ముచ్చట్లు తక్కువ, చిన్నప్పుడు తాత కొట్టిన దెబ్బల మతికి ఎక్కువ.

"అమ్మకొక్కదానికే చెప్పిండా? నాకేమన్న చెప్పిండా?"

"నీ సీన్ ఇంకా రాలే బాపు" అన్న. ఇంట్ల అందరికన్న ముందు అవ్వనే నవ్వింది.

టీవీ పార్టీ ఆ రాత్రికే ఓడిపోయింది. ఓటేసింది, ఎవరూ లెక్కలకు తీసుకోని అవ్వ. ప్రొజెక్టర్ మా ఇంట్ల ఉండిపోయింది. అటెన్క తాత నటించని కార్యక్రమం లేదు. వార్తల్ల ముఖ్యమైన మాటకు అడ్డం నిలబడేటోడు, వానల పటంల ఒక జిల్లాను మింగేటోడు, క్రికెట్‌ల పిచ్ నడిమిట్ల కోటేసుకొని నిలబడితే బాల్ ఆయన్ను దాటి ఎటు పోయిందో మాకు అంపైర్ సైగలతోటే తెలిసేది. అవ్వకు క్రికెట్ తెలవదు, గని ఒక్క మ్యాచ్ విడిచిపెట్టలే.

ఇప్పుడు నేను జనగామల పనిజేస్తున్న. కిరాయి అర్రల నా సొంతంగ పెద్ద టీవీ కొన్న, గోడను మొత్తం ఆక్రమించేటిది. బొమ్మ ఎంత సాఫ్‌గ ఉంటదంటే, యాంకరమ్మకు జలుబు చేస్తే మనకు తెలుస్తది. మొన్న నర్మెట్టల చుట్టాల పెండ్లికి పోవుకుంట అవ్వ నా దగ్గర దిగింది. నేను ఛాతీ ఇరుసుకొని టీవీ పెట్టి, ఆమె నోరు తెరవాలని ఎదురుచూసిన. ఆమె నోట్లె తమలపాకు నములుకుంట కొంచెంసేపు చూసింది.

"బొమ్మ మంచిగనే ఉన్నదిరా" అన్నది. "గని దీంట్ల మనోళ్లెవ్వరు లేరు."

షాక్ కొట్టింది, కరెంటు లేకుండనే. టీవీ బంద్ చేసిన. పెద్ద నల్ల అద్దం లెక్క మెరిసింది తెర. దాంట్ల మంచం మీద కూసున్న అవ్వ, పక్కన రిమోట్ పట్టుకొని బీరిపోయిన నేను.

"ఇగో, గిప్పుడొచ్చిన్రు" అన్నది అవ్వ, పీట జరుపుకున్నట్టు జర ముందుకు జరిగి.

గంత పెద్ద టీవీ కొన్నందుకు, ఇద్దరం ఆ కార్యక్రమమే కొద్దిసేపు చూసినం.