ఫ్లెక్సీకి వెనకవైపు

మా బావ చనిపోయిన సంగతి నాకు మా అక్క చెప్పలేదు. మా ఏరియా లీడరు చెప్పాడు. పొద్దున్నే కుట్టుమిషన్ తుడుచుకుంటూ ఫోన్ చూస్తే ఆయన వాట్సాప్ స్టేటస్: 'ప్రజా చిత్రకారుడి మరణం తీరని లోటు'. లీడరు చేతులు జోడించిన ఫొటో పెద్దగా, మా బావ ఫొటో మూలన చిన్నగా. అక్క ఫోన్ ఆ తర్వాత వచ్చింది. అప్పటికి బావ ఇంకా దవాఖాన మంచం మీదే ఉన్నాడట. ఏడవాలో తిట్టాలో తెలియక ముందు తిట్టాను. ఏడుపు మధ్యాహ్నం వచ్చింది.

బావ చిల్పూర్ దగ్గర పల్లెలో పుట్టాడు. జనగామలో బోర్డులు రాయడం నేర్చుకున్నాడు. మా అక్కను చేసుకున్నాక మానుకోటలో మా పక్కింట్లోనే ఉండిపోయాడు. కిరాణా షాపుల పేర్లు, లారీల వెనక నంబర్లు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల గోడరాతలు ఆయనవే. అక్షరమంటే పిచ్చి ఆయనకు. బండి మీద పోతుండగా ఎక్కడైనా ఒత్తు తప్పు కనబడితే చాలు, బండి ఆపి కొట్లాటకు దిగేవాడు. అందులోనూ చావు బోర్డుల మీద 'శ్రద్ధాంజలి' చూస్తే ఒళ్ళు మండిపోయేది. అందరూ ద కింద ధ బదులు దనే పెడతారు కదా! "బతికినప్పుడు ఏం పెట్టకపోతిరి, సచ్చినంకనన్న ఒత్తు సక్కగ పెట్టరాదుండ్రి!" అని నడి బజారులో అరిచేవాడు. వెనక సీటు మీద నేను సిగ్గుతో చచ్చేదాన్ని.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. బ్రష్షులు మూలన పడ్డాయి, చౌరస్తాలన్నీ లీడర్ల మొహాలతో నిండాయి. ఎన్నికలయ్యాక ఆ ఫ్లెక్సీలను ఎవరూ పట్టించుకోరు. బావ వాటిని విప్పి, చుట్ట చుట్టి ఇంటికి తెచ్చాడు. మా అక్క సంబరపడింది, కురిసే ఇంటి మీద కప్పుకోవచ్చని. ఆయనేమో వాటిని బోర్లా పరిచి, తెల్లగా ఉండే వెనకవైపును గరుకు కాగితంతో రుద్ది, ఎనామిల్ రంగులతో బొమ్మలు మొదలుపెట్టాడు.

"ఇల్లు కురుస్తుంటే బొమ్మలేస్తవా? సోయి ఉన్నదా నీకు?" అంది అక్క.

"ఈ మొకాన్ని ఇంటి మీద ఎందుకే? నెత్తి మీద కూసోవెట్టుకున్నది సాలదా?" అన్నాడు బావ.

మొదటి బొమ్మ మహదేవపూర్ వైపు ఒక అవ్వది. ఆమె చేను కాలువ తవ్వకంలో పోయింది. బావ బస్సులు మారి వాళ్ళ ఊరు వెళ్ళి, ఆమె వాకిట్లో కూర్చుని వేశాడు. కొంగు నడుముకు దోపుకుని, నాటడానికి చేను లేని మిరపనారు చేతిలో పట్టుకుని, ఎదురుగా చూస్తూ నిలబడ్డ అవ్వ. ఆమె వెనక, ఫ్లెక్సీకి అటువైపు, 'రైతు బాంధవుడు' అని రాసుకున్న మా లీడరు నవ్వుతూ ఉంటాడు.

ఆ బొమ్మల అంచులు కుట్టింది నేనే. మందపు ఫ్లెక్సీ కదా, మిషన్ సూదులు పటపట విరిగేవి. విరిగినప్పుడల్లా బావను తిట్టేదాన్ని. "తిట్టు మరదలా, గని కుట్టు" అనేవాడు.

బొమ్మల్ని గోడకు పెట్టేవాడు కాదు. గది మధ్యలో తాళ్ళకు వేలాడదీసి, చుట్టూ తిరిగి చూడమనేవాడు. "ముంగట జనం, ఎన్క లీడరు. బయట ఉల్టా ఉన్నది, నేను సీదా చేసిన" అనేవాడు. హైదరాబాదులో ఒక గ్యాలరీ ఆయన వాటికి ఫ్రేములు కట్టి గోడకు బిగిస్తానన్నాడు. బావ ఒప్పుకోలేదు, బొమ్మలన్నీ చుట్టుకుని రైలెక్కాడు. ఆ రోజు అక్క ఆయనకు అన్నం పెట్టలేదు. నేను పెట్టాను, చీవాట్లతో కలిపి.

జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో ప్రదర్శన పెట్టినప్పుడు లీడరు మనుషులు వచ్చారు. తమ అన్న మొహం వెనకవైపు ఉండటం చూసి తాళ్ళు కోశారు, బొమ్మలు తొక్కారు, ఆ తాళ్ళు కట్టిన వాసం కర్రతోనే బావను కొట్టారు. పోలీసులొచ్చి ఎవరిని తీసుకుపోయారనుకున్నారు? బావను! సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. ఒక్క కవి రాలేదు, ఒక్క పేపరు రాయలేదు. ఇప్పుడు 'ప్రజా చిత్రకారుడు' అని కాలమ్‌లు నింపుతున్న చేతులన్నీ అప్పుడేం చేస్తున్నాయో నాకు తెలియదు. వాపెక్కిన చేత్తో ఇంటికొచ్చిన బావ నాతో అన్న మాట ఒకటే: "ఫ్లెక్సీ చినిగింది గని, నీ కుట్లు ఊడలేదు మరదలా."

చివరి రోజుల్లో దవాఖానలో ఆయన నన్ను ఒక్కటే అడిగాడు. "నా సావుకు ఫ్లెక్సీ కట్టనియ్యకు. వాని మొకం కింద నన్ను పండవెట్టకుండ్రి." సరే అన్నాను. చేతిలో చెయ్యి వేసి అన్నాను.

పెద్దకర్మ రోజు పొద్దున వాకిలి ఊడవడానికి వెళ్తే, అక్కావాళ్ళ ప్రహరీగోడ పొడుగునా ఫ్లెక్సీ! నిలువెత్తు లీడరు, పక్కన వరసగా అనుచరులు, కింద మూలన మా బావ. ఏదో కుటుంబం ఫొటోలోంచి కోసినట్టున్నారు, పక్కన మా అక్క భుజం సగం మిగిలి ఉంది. పైన ఇంత లావు అక్షరాలు: 'శ్రద్దాంజలి'. ద కింద ద!

లోపలికి ఉరికి బట్టలు కోసే కత్తెర తెచ్చాను. గోడ దగ్గర కాపలా ఉన్న అనుచరుడు అడ్డం వచ్చాడు. "అక్కా, అన్న దండ తీస్కొని దార్ల ఉన్నడు. దింపితే మంచిగుండదు."

"మీ అన్నను దార్లనే ఉండుమను!" అన్నాను. ఇచ్చిన మాట కళ్ళ ముందే మంటగలిసిపోతోంది.

అప్పుడు మా అక్క బయటికొచ్చింది. బావను సాగనంపిన దగ్గర్నుంచి పెదవి విప్పని మనిషి. ఫ్లెక్సీని పైనుంచి కిందికి చూసింది. "కొయ్యకు. తిప్పి కట్టుండ్రి" అంది.

ఎవరికీ ఒక నిమిషం అర్థం కాలేదు. బావతో బోర్డులు రాసిన పాత స్నేహితులకు ముందు తట్టింది. నిచ్చెన వేసి, తాళ్ళు విప్పి, ఫ్లెక్సీని తిప్పి కట్టారు. లీడరు మొహం గోడకు, తెల్లటి వెనకవైపు రోడ్డుకు. అనుచరుడు ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు తప్ప మా అక్క ముందుకు రాలేకపోయాడు.

లీడరు వచ్చాడు. దండ చేత్తో పట్టుకుని గోడకేసి చూశాడు. "గిదేందమ్మా, ఖాళీగ ఉన్నది?"

"గిది మా ఆయన బొమ్మలేసే దిక్కు సారూ" అంది అక్క. "మీరు ఎన్క ఉన్నరు."

దండ ఎవరి చేతిలోనో పెట్టి కారెక్కాడు. ఆయన వెంట వచ్చిన ఫొటోగ్రాఫరు కెమెరా ఎటు తిప్పాలో తెలియక తన చెప్పులు చూసుకున్నాడు. బావ పోయాక నేను మొదటిసారి నవ్వాను.

భోజనాల వేళకు మహదేవపూర్ అవ్వ వచ్చింది. ఎవరు చెప్పారో, ఎన్ని బస్సులు మారిందో! ఇంట్లోకి రాకుండా గోడ దగ్గరే ఆగి, ఆ తెల్లటి ఫ్లెక్సీని అరచేత్తో తడిమింది.

"దీని మీద ఏం ఎయ్యకముందే పాయెనా బిడ్డా?"

"అవునవ్వా" అన్నాను.

"అయితే నేను నిలవడ్త తియ్" అంది. కొంగు నడుముకు దోపుకుని, ఆ తెలుపుకు వీపు ఆనించి, రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. అన్నం తినమని పిలిచినా కదల్లేదు.