ఇరవై పేజీల దడి

అచ్చంపేట నుంచి పాలమూరు పోయే బస్సులో, మర్నాటి ఎమ్మెస్సీ లెక్కల పరీక్ష కోసం ఒక సిద్ధాంతంతో కుస్తీ పడుతున్నాను. పక్కసీటులోని గొర్లు కాసే అవ్వ అడిగింది: "ఏమున్నది బిడ్డా అండ్ల?"

"గీత గీసి కొసలు కలిపితే, లోపలొక జాగ, బయటొక జాగ అయితదట అవ్వా. ఇరవై పేజీల రుజువు. తలకెక్కుతలేదు."

ఆమె జాలిగా చూసింది. భుజం మీది తువ్వాలు మెలితిప్పి, ఒళ్లో గొర్ల దడిలా గుండ్రంగా పరిచి, మధ్యలో ఓ పల్లికాయ పెట్టింది. "గిది లోపల." ఇంకోటి నా చేతిలో పెట్టింది. "గిది బయట. సమజైందా?"

"అయింది," అన్నాను బుద్ధిగా.

కల్వకుర్తిలో దిగుతూ నన్ను కండక్టరుకు అప్పగించింది. "జర పైలంగ దించు నాయినా. రేపు పరీచ్చ ఉన్నదట. బస్సు లోపలున్నడో బయటున్నడో పిలగానికి ఇంకా అనుమానమే!"

బస్సంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. నా పరీక్ష భయం కూడా కల్వకుర్తిలోనే దిగిపోయింది.