కమలకు వచ్చిన ప్లాటో

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ వెనక గల్లీలో, మా గోడకు ఆనుకొని సుశీలమ్మ బర్రెల కొట్టం ఉంది. ఆమెకు ఇద్దరు కోడళ్ళు. పెద్దామె కమల, చిన్నామె తనూజ. ఇద్దరూ కలిసి కొట్టంలోకి వస్తే బర్రెలు దారిచ్చి గోడకు అతుక్కునేవి. నమ్మనివాళ్ళు ఆ బర్రెలనే అడగొచ్చు, ఇంకా అక్కడే ఉన్నాయి.

ఇద్దరికీ షుగర్, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. పోయిన ఎండాకాలం ఒకే ఆసుపత్రిలో, ఒకే వారంలో కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నారు. కోడళ్ళు క్షేమంగా ఇంటికొస్తే మేడారం జాతరకు ఇద్దరి ఎత్తు బంగారం ఇస్తానని సుశీలమ్మ సమ్మక్కకు మొక్కుకుంది. బంగారమంటే బెల్లమే. ఆ తల్లికిచ్చే బెల్లాన్ని మా దగ్గర ఎవరూ బెల్లం అనరు. జాతరకు ముందు చుట్టాలను పిలిచి, తరాజులో ఒకవైపు మనిషిని, ఒకవైపు బంగారాన్ని పెట్టి తూచాలి.

మొదట్లో ఇద్దరూ పోటీపడి తగ్గారు. దసరా దాటాక కమల తొంభై రెండు కిలోల దగ్గర ఆగిపోయింది. బరువు చూసే మిషన్‌లో సెల్లు మార్చింది. దాన్ని వంటింట్లో పెట్టి చూసింది, దేవుడి గదిలో పెట్టి చూసింది. అంకె కదలలేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన నవ్వాడు. "దీన్ని ప్లాటో అంటారమ్మా. చాలామందికి వస్తుంది. ఒళ్ళు కొన్నాళ్ళు ఒక్కచోట ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. గుడ్డు, పప్పు మాత్రం మానకండి."

ఇంటికొచ్చిన కమల పాల క్యాన్ల దగ్గర మొగుడికి మెల్లగా చెప్పింది. "నాకు ప్లాటో వచ్చిందంట. చెల్లెకు తెల్వనీయకు."

కొట్టం గోడ అవతల క్యాన్లు కడుగుతున్న తనూజకు వినపడింది ప్లాటు అని. మన నగరంలో పుట్టిన చెవికి ఇంకోలా వినపడదు. బావ అక్క పేరు మీద తుక్కుగూడ వైపు ప్లాటు కొన్నాడని తనూజ ఆ క్షణమే తీర్మానించుకుంది. మరుసటి పొద్దుటికల్లా ఆ ప్లాటుకు మనసులోనే ప్రహరీ కట్టి, బోరు వేసి, గేటు పెట్టించి, అందులో కమలను కుర్చీ వేసి కూర్చోబెట్టి కుళ్ళుకుంది. అడుగుదామంటే పరువు అడ్డం. ఆ పొద్దున్నుంచే ఆమె గదిలోంచి కేకలు మొదలయ్యాయి.

"అక్కా! ఇంకో అరకిల పోయింది!"

కమల కడుపులో ఆపరేషన్ చేసిన చోటే మండేది. పైగా తనూజ ఒకరోజు జాకెట్ల మూట తెచ్చిచ్చింది. "నాకు మస్తు వదులైనయ్ అక్కా. నీకు సరిగ్గ సరిపోతయ్, ఏస్కో."

సరిపోయాయి. అది ఇంకా పెద్ద దెబ్బ.

కాన్వెంట్‌లో నాకు చదువు చెప్పిన సిస్టర్ అసూయను పెద్ద పాపాల్లో లెక్కపెట్టేది. మా గల్లీలో ఒక్క వారం ఉండుంటే ఉప్పు, పప్పుల్లో లెక్కపెట్టేది.

కమల గుడ్డు మానేసింది. పప్పు మానేసింది. మజ్జిగ మీదే ఉండి, కళ్ళు తిరిగి దాణా బస్తా మీద కూలబడింది. సుశీలమ్మ లొల్లి పెట్టింది. "పాణం తీసుకుంటవా ఏంది?"

"చుట్టాల ముంగట దానికన్న ఒక్క ముద్ద ఎక్కువ తూగితే నా పాణం ఎట్లనైనా పోతది అత్తమ్మా," అంది కమల. రోజూ దండం పెట్టి అడిగేది ఒకటే. "తల్లీ, నన్ను తగ్గించకున్నా మంచిదే. దాన్ని జర పెంచు."

తూకం రోజు వచ్చింది. సుశీలమ్మ తమ్ముడు దుర్గయ్య, కోడళ్ళు చెప్పిన లెక్క ప్రకారం బేగంబజార్ నుంచి బెల్లం తెచ్చాడు. కమలకు తొంభై రెండు కిలోలు, తనూజకు ఎనభై నాలుగు. కొట్టం దూలానికి గడ్డి మోపులు తూచే పెద్ద తరాజు వేలాడుతోంది. నిజాం కాలంలో దాంట్లో ఏనుగు పిల్లను తూచారని మా తాత చెప్పేవాడు. నేను మాత్రం ఎప్పుడూ పెద్ద ఏనుగనే చెప్తుంటాను.

"చిన్నామెను ముందు కూసోనియ్యి," అంది కమల. తర్వాత తన కుప్ప ఎత్తుగా కనపడుతుందని తెలిసినా, ఆ ఘడియ ఎంత ఆలస్యమైతే అంత మంచిదనుకుంది.

తనూజ కూర్చుంది. దుర్గయ్య ముద్దలన్నీ పేర్చాడు. తరాజు లేవలేదు.

"బిడ్డా, చెప్పులిడిసినవా?"

"ఇడిసిన మామా."

"కొంగుల ఏమన్న కట్టుకున్నవా?"

"లేదు మామా."

"మరి దుకాణపోడు మోసం జేసిండు," అంటూ ఆయన కమల కుప్పలోంచి ఒక్కో ముద్ద తెచ్చి వేశాడు. ఒక్కో ముద్దకు కమల ముఖంలో ఒక్కో దీపం వెలిగింది. ఎనిమిదో కిలో పడ్డాక తనూజ కాళ్ళు నేల విడిచాయి. దుర్గయ్య వేళ్ళమీద లెక్కపెట్టి, "తొంభై రెండు!" అన్నాడు. "చెల్లె, అక్కలాగనే ఉంది పో!"

ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. తనూజ తరాజులోనే ఏడుపు మొదలుపెట్టింది. "నాది గూడ దసరా సంది ఆగిపోయింది. జాకెట్ల కుట్లు నేనే విప్పుకున్న. ఏం జెయ్యాలె మరి? ఆమెకు ప్లాటు వచ్చె. నాకు తూకమన్న ఉండొద్దా?"

"ఏ ప్లాటే?" అంది కమల.

"బావకు చెప్తుంటే ఇన్న. ప్లాటు వచ్చింది, చెల్లెకు తెల్వనీయకు అన్నవు."

కమల నెత్తి కొట్టుకుంది. "పిచ్చిదానా, ప్లాటో! బరువు తగ్గకుండ ఆగిపోతే డాక్టర్లు గట్లంటరు. నీకూ వచ్చింది గదా, రిజిస్ట్రేషన్ చేయించుకో!"

ఈసారి తనూజ కూడా ఏడుస్తూనే నవ్వింది. "నిజంగ లేదా అక్కా? జాగా, గేటు, ఏం లేవా?"

"ఏం లెవ్వు."

"అమ్మయ్య," అంది తనూజ, చుట్టాలందరి ముందు, కొంచెం కూడా సిగ్గుపడకుండా.

అప్పుడు సుశీలమ్మకు గుర్తొచ్చింది. "నవ్వుడు ఆపుండ్రి! పెద్దదాని బంగారం ఎనిమిది కిలలు కమ్మి పడ్డది. తమ్మీ, ఉరికి తేపో."

దుర్గయ్య లేచేలోపే కమల సంచి అందుకుంది. "మీరు కూసోండ్రి మామా. నేను తెస్త."

స్టేషన్ దగ్గర దుకాణం ఎంతో దూరం లేదు. కానీ కమల గల్లీలో ప్రతి గడప ముందూ ఆగింది. మా గడప ముందు కూడా. దాణా బస్తా మీద కూలబడిన మనిషి ఈమేనా అని నేను కళ్ళు నులుముకున్నాను. పెళ్ళికూతురులా మెరిసిపోతోంది.

"ఎంత తల్లీ?" అన్నాడు దుకాణదారు.

"ఎనిమిది కిలలు," అంది కమల, వెనక నిలబడ్డవాళ్ళకు కూడా వినపడేలా. "నాకు గాదు భాయ్. మా చెల్లె బరువు."