జహీదా వెతికిన మనుషులు

బందరు ఇంగ్లీష్‌పాలెంలో ఉండే జహీదాది ఒక రకంగా అనుమానించే ఉద్యోగం. వేల్స్ బొగ్గుగనుల్లో పనిచేసి పోయినవాళ్ల మునిమనవలు తమ పూర్వీకుల్ని వెతికిపెట్టమని ఒక కంపెనీకి రాస్తారు. కంపెనీ ఆ పనిని ఇంట్లో కూర్చుని చేసే జహీదాలాంటివాళ్లకు పంచుతుంది. ఎప్పటివో జనాభా లెక్కల కాగితాలు కంప్యూటర్లో తెరిచి, గొలుసుకట్టు రాతలో ఒక్కో ఇంటినీ చదవాలి. అక్కడ వీధికో డేవిడ్ ఎవాన్స్, సందుకో జాన్ జోన్స్. పేరు దొరికిందని సంబరపడితే పరాయివాళ్ల తాతను అంటగట్టినట్టే. జహీదాకు ఇది కొత్తేమీ కాదు. వాళ్ల వీధిలోనే స్కూటర్ నాగుల్ మీరా, పొడుగు నాగుల్ మీరా, టైలర్ నాగుల్ మీరా ఉన్నారు. దివిసీమ ఉప్పెనలో పోయిన మామగారి పేరూ అదే.

కిందటేడు వానాకాలంలో బ్రోన్‌వెన్ అనే పెద్దావిడ పని వచ్చింది. ఆవిడ ముత్తాత డేవిడ్ ఎవాన్స్ గని పేలుడులో చనిపోయాడట. అది ఏ గనో తెలియాలి. 1881 లెక్కల్లో అతను భార్య ఆన్, పిల్లలు, కళ్లు కనపడని తల్లి హన్నాతో కలిసి ఉన్నాడు. పదేళ్ల తర్వాత ఆన్ పేరు పక్కన వితంతువు అని ఉంది. కానీ గని ప్రమాదాల్లో పోయినవాళ్ల జాబితాల్లో ఈ డేవిడ్ కనపడలేదు. ఇంట్లో హన్నా కూడా లేదు. జహీదా ముసలావిడ కోసం వెతికింది. పక్క లోయలో మరో గని ఊళ్లో, అంధురాలు అన్న మాటతో సహా హన్నా దొరికింది. ఆ ఇంటి యజమాని డేవిడ్ ఎవాన్స్. వయసూ, పుట్టిన పల్లే సరిపోయాయి. భార్య మాత్రం వేరే మనిషి.

వదిలేసి పోయాడని చెప్పుకోలేక ఆన్ మొగుణ్ణి మాటల్లోనే చంపేసింది. అది అర్థమయ్యాక జహీదాకు మనసు మనసులో లేదు.

ఆమె భర్త ఖలీల్ కోడూరులో రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరు. ఆదివారం వెళ్తే మళ్లీ శనివారమే రాక. ఈమధ్య అతని సంచిలో చెరువు వాసన పోయి మందుల వాసన వస్తోంది. ఊడిపోయిన చొక్కా గుండీ ఎవరో నల్లదారంతో కుట్టారు.

"గుండీ ఎవరు కుట్టారండీ?"

"నేనే కుట్టుకున్నా."

సూదిలో దారం ఎక్కించడం కూడా రాని మనిషి!

ఒక శుక్రవారం జహీదా, కంపెనీ పనని అత్తగారు మస్తాన్‌బీకి చెప్పి కోడూరు బస్సెక్కింది. మోపిదేవి గుడి దగ్గర భక్తులంతా దిగిపోయాక కిటికీ పక్కన కూర్చుని, అక్కడ తనకు ఎలాంటి ఆడమనిషి ఎదురవుతుందో ఊహించుకుంది.

చెరువుల దగ్గర వాచ్‌మన్ యాకోబు ఆశ్చర్యపోయాడు.

"ఖలీల్ గారాండీ? గురువారమే వెళ్లిపోతారు కదండీ."

"ఎటు వెళ్తారు?"

అతను నసిగాడు. "కాలవగట్టు మీద రేకుల ఇంటి దగ్గర బండి చూశానండి. ఇంకేం తెలీదు నాకు."

రేకుల ఇంటి గుమ్మంలో ఒక ముసలావిడ బట్టలు కుడుతోంది. లోపల మంచం మీద పక్షవాతంతో పడున్న ముసలాయనకు ఖలీల్ జావ తాగిస్తున్నాడు. భార్యను చూసి గిన్నె కింద పెట్టేశాడు.

"ఎవరండీ ఈయన?"

"మా నాన్న."

"ఆయన ఉప్పెనలో పోయారుగా!"

"అమ్మ అట్లాగే చెప్పింది. బందరులో కొడుకున్నాడని మాట పోకముందు ఈయన చెప్తే, గుమ్మంలో ఉన్న ఆవిడే నన్ను వెతుక్కుంటా చెరువు దగ్గరికి వచ్చింది."

"నాగుల్ మీరాలకు కొదవా? ఏ ఆనవాలు చూసి నమ్మారు?"

ముసలాయన్ని అడుగుదామంటే మాట పడిపోయింది. అమ్మకు చెప్పొద్దని ఖలీల్ ఇంటికొచ్చే దారి పొడుగునా బతిమాలాడు. జహీదా వినలేదు. ఇంటికి రాగానే చెప్పేసింది.

మస్తాన్‌బీ ఏడవలేదు. కొడుకును ఎగాదిగా చూసి ఒకటే అడిగింది.

"ఎడమచేతికి చిటికెన వేలుందా?"

"లేదమ్మా."

"అయితే ఆయనే."

"నీకు ముందే తెలుసా?"

"ఉప్పెనకి ముందే ఎవరితోనో వెళ్లిపోయాడు. మొగుడు వదిలేసినదాన్ని ఏ ఇంట్లో పనికి పిలుస్తార్రా? నీళ్లల్లో పోయాడంటే అయ్యో అని పిలిచారు. నిన్ను అట్లా పెంచుకున్నా."

జహీదా డేవిడ్ ఎవాన్స్ సంగతి ఉన్నదున్నట్టు రాసేసింది. బ్రోన్‌వెన్ నమ్మలేదు. తమ ముత్తవ్వ అబద్ధమాడే మనిషి కాదని, వేరే ఎవరిచేతనైనా మళ్లీ చూపించమని కంపెనీకి గట్టిగా రాసింది. చూసిన రెండో మనిషికీ అదే ఇల్లు, అదే హన్నా దొరికారు. బ్రోన్‌వెన్ నుంచి ఇంకే జవాబూ రాలేదు.

ఖలీల్ ఇప్పుడు రేకుల ఇంటికి చెప్పే వెళ్తున్నాడు. మస్తాన్‌బీ మాత్రం ఒక్కసారీ వెంట వెళ్లలేదు. అతను తిరిగి రాగానే చెప్పులన్నా విప్పనివ్వకుండా అడుగుతుంది.

"నా గురించి ఏమన్నా సైగ చేశాడా?"

"చేశాడమ్మా."

ఆవిడ కొడుకు కళ్లల్లోకి చూసి, "నీకు అబద్ధం చెప్పడం చేతకాదురా," అంటూ లోపలికి వెళ్లిపోతుంది.